ఐసులో పెట్టిన పదకొండు ట్యూబులు

రిటైరైన నాలుగో ఏట నాకు మళ్లీ ఉద్యోగం దొరికింది. జీతం లేదు. పై అధికారి నా కూతురు.

మెదక్ ప్రభుత్వ దవాఖానలో ముప్పై మూడేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. చేరిన కొత్తలో నా బల్ల మీద ఒక సూక్ష్మదర్శిని, ఒక స్పిరిటు దీపం, రెండు స్టాండ్ల గాజు ట్యూబులు ఉండేవి. గర్భిణుల మూత్రాన్ని ట్యూబులో ముప్పాతిక దాకా పోసి, పై భాగాన్ని మాత్రమే దీపం మీద వేడిచేసేవాణ్ణి. పైన తెల్లగా మబ్బు పట్టితే ఒక చుక్క ఎసిటిక్ ఆసిడ్ వేయాలి. మబ్బు విడిపోతే ఫర్వాలేదు. విడిపోకుండా నిలిచిందంటే ప్రొటీన్ పోతున్నట్టు. అటువంటప్పుడు చీటీ రాసి పంపి ఊరుకునేవాణ్ణి కాదు. లేచి డాక్టరమ్మ గదికి నేనే నడిచి వెళ్లేవాణ్ణి. బీపీ పెరిగి, కాళ్లూ ముఖమూ ఉబ్బి, చివరికి ఫిట్స్ వస్తాయి. పెద్దవాళ్లు దాన్ని గుర్రపు వాతం అనేవారు. ఇళ్లలో మాత్రం కాళ్లకు నీరు దిగితే, నెలలు నిండుతున్నాయి, అలాగే ఉంటుందిలే అని సరిపెట్టుకునేవారు.

తర్వాత ముంచితే రంగు మారే కాగితపు పట్టీలు వచ్చాయి. దీపం అటకెక్కింది. చౌరస్తా చుట్టూ ప్రైవేటు ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు వెలిశాయి. మందుల కంపెనీల వాళ్లు కొత్త సంవత్సరానికి డైరీలు ఊరికే పంచడం మొదలుపెట్టారు. అంతవరకు నేను కొనుక్కునేవాణ్ణి. ల్యాబులో ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో పూటకొకసారి రిజిస్టర్లో రాయాలి. ఆ అలవాటే నాతో ఇంటికి వచ్చింది. ఆ రోజు ఎండ ఎంత, కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వచ్చింది, ఎవరు వచ్చారు, ఏం పని జరిగింది - ఇంతే నా డైరీ. మనసులోని సంగతులు అందులో తక్కువ.

మా అమ్మాయి ఇంటర్ చదువుతున్నప్పుడు ఒకరోజు అన్నం తింటూ ఒక ప్రశ్న అడిగింది. రామాయంపేట దగ్గరి పల్లె నుంచి తెచ్చిన ఒక గర్భిణి ఫిట్స్‌తో చనిపోయిందని నేను వాళ్లమ్మకు చెబుతుంటే విన్నది.

"నీ ట్యూబుల తెల్లగ కనవడేసరికే బీమారి ముదిరినట్టు గద బాపూ. అంతకు ముందుగాల నెత్తుర్ల ఏం కనవడదా?"

నాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆమె ఆ ప్రశ్నను వదలలేదు. పీజీ అయిపోయి హైదరాబాదులో పరిశోధనలో చేరినప్పుడు, ఏ విషయం తీసుకున్నావమ్మా అని అడిగితే, "నువ్వు తెల్వదన్నవు సూడు, గదే" అంది.

అదేమిటో ఆమె చెప్పగా నాకు అర్థమైనంతవరకు రాస్తాను. కడుపులోని బిడ్డకు తిండీ గాలీ మాయ ద్వారా అందుతాయి. ఆ మాయలోని కణాలు తమ పైపొర నుంచి చిన్న చిన్న సంచులను తల్లి రక్తంలోకి వదులుతుంటాయి. నా సూక్ష్మదర్శినిలో జీవితాంతం చూసినా ఒక్కటి కూడా కనబడనంత చిన్నవి. ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అని వాటి పేరు. ఒకప్పుడు అవి కణాలు పారేసే చెత్త అనుకున్నారట. చెత్త కాదు. వాటి లోపల ప్రొటీన్లు, జన్యు సమాచారపు ముక్కలు ఉంటాయి. అవి తల్లి రక్తనాళాలను చేరి, బిడ్డ పెరుగుతున్నది, సర్దుకోండి అని చెబుతాయి. మాయకు రక్తం సరిగా అందనప్పుడు ఆ సంచులు ఎక్కువవుతాయి, లోపలి సరుకూ మారుతుంది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, నాళాలు బిగుసుకుని, బీపీ పెరగడానికి ఇదొక కారణమని చాలామంది అనుకుంటున్నారు. నేను దీపం మీద చూసిన మబ్బు ఆ కథలో చివరి అధ్యాయం. మా అమ్మాయి మొదటి అధ్యాయం వెతుకుతున్నది.

ఆమె పద్ధతి ఇది. ఒకే స్త్రీ నుంచి మూడుసార్లు రక్తం తీసుకోవాలి: మూడో నెలలో, ఐదో నెలలో, కాన్పుకు ముందు. తర్వాత ఎవరికి బీపీ వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది చూసి, వెనక్కి వెళ్లి ఐదో నెల రక్తంలో ఆ సంచులు ఎలా ఉన్నాయో పోల్చాలి. ఐదో నెల ట్యూబు చెడిపోతే మిగిలిన రెండూ ఉండీ లాభం లేదు. నెలలు వెనక్కి రావు కదా. ఆమె స్కాలర్‌షిప్పు మరుసటి ఏడాది వేసవితో అయిపోతుంది. ఆలోగా కావలసినంతమంది స్త్రీల రక్తం చేతిలో లేకపోతే ఐదేళ్ల చదువు అక్కడే ఆగిపోతుంది.

హైదరాబాదులో కొందరిని చూసుకుని, మిగతావాళ్లను మెదక్‌లో చూస్తానని వాళ్ల గైడును అడిగింది. మా నాన్న అక్కడ టెక్నీషియన్‌గా చేశాడు, నాకన్నా ఆయన చేయి నిలకడ అని చెప్పిందట. గైడు ఒప్పుకుని నా పేరు కాగితాల్లో చేర్చాడు. గర్భిణుల పరీక్షల రోజు దవాఖానలో నర్సమ్మ రక్తం తీసేది. అంతకు ముందు నేను ఒక్కొక్కరికీ ఒప్పుకోలు కాగితం తెలుగులో చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకునేవాణ్ణి. ట్యూబులు తీసుకుని నడిస్తే మా ఇల్లు పది నిమిషాలు. ముందు గదిలో బల్ల మీద రక్తాన్ని తిప్పి కణాలను వేరుచేసే యంత్రం, దాని పక్కన స్టెబిలైజరు. రెండుసార్లు తిప్పి, పైన తేరిన పసుపుపచ్చ ద్రవాన్ని మాత్రమే తీసి, చిన్న సీసాల్లో పోసి, గడ్డకట్టించి హైదరాబాదుకు పంపాలి. ఈ పనులన్నీ చేస్తున్నప్పుడు నాకు పదేళ్లు తగ్గాయని మా ఆవిడ అనేది. తగ్గిన పదేళ్లూ ఇంటిపనికి మాత్రం పనికిరావడం లేదని కూడా అనేది.

ఎండాకాలం మొదట్లో మా అమ్మాయి ఆ సంచులను లెక్కపెట్టే యంత్రం నేర్చుకోవడానికి ఆరు వారాలు బెంగుళూరు వెళ్లింది. వెళ్తూ పని వరసంతా ఒక కాగితం మీద రాసి గోడకు అంటించింది. కణాలు వేరుచేసేదాకా రక్తాన్ని గది ఉష్ణోగ్రతలో నిలువుగా ఉంచాలి, కుదపకూడదు అని అందులో ఉంది.

గది ఉష్ణోగ్రత అన్న మాట దగ్గర నేను ఆగాను. పుస్తకాలు రాసేవాళ్ల గది వేరు, మాది వేరు. ఏప్రిల్‌లో మధ్యాహ్నానికి మా ముందు గదిలో థర్మామీటరు ముప్పై తొమ్మిది చూపించేది. పైగా కరెంటు కోత. కరెంటు లేకపోతే యంత్రం తిరగదు, ట్యూబులు గంట, గంటన్నర అలా వేడిలో కాగుతూ ఉండాలి. సర్వీసంతా నేను నేర్చుకున్న మొదటి పాఠం రక్తాన్ని ఎండకు వదలకూడదని. అమ్మాయికి ఫోన్ చేసి అడగవచ్చు. అడగలేదు. ఇంత చిన్న విషయం నాకు తెలియదా అనుకున్నాను. థర్మాస్ ఫ్లాస్కులో ఐసు నింపి, ట్యూబులు కుదురుగా నిలబెట్టి, కరెంటు వచ్చేదాకా అందులో ఉంచాను. ఆ ఆరు వారాల్లో పదకొండు ట్యూబులు. పదకొండూ ఐదో నెలవే. ప్రతిదానికీ రక్తం తీసిన వేళ, ఐసులో పెట్టిన వేళ, బయటకు తీసిన వేళ డైరీలో రాశాను. బాగా చేస్తున్నానన్న ధీమాతోనే రాశాను.

వానలు పడ్డాక ఒక ఆదివారం మా అమ్మాయి ఇంటికి వచ్చింది. బస్టాండు దగ్గర పావుకిలో కలాకంద్ కొనుక్కుని మరీ వచ్చింది. మెదక్ రక్తంలో తను ఊహించనిది కనబడిందట. ఐదో నెలలో హైదరాబాదు స్త్రీలకంటే ఇక్కడివాళ్లలో సంచులు ఎన్నో రెట్లు ఎక్కువ. ఎండలో పనిచేసే ఆడవాళ్లు కాబట్టి ఏమైనా సంబంధం ఉందా అని గైడు కూడా ఆలోచిస్తున్నాడట. వచ్చే నెల ఒక పెద్ద సభలో ఈ సంగతి చెప్పడానికి పేరు ఇచ్చింది. వాళ్లమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఎదురుగా కూర్చుని ఉత్సాహంగా చెబుతున్నది. మాయ ఒక్కటే కాదు, రక్తంలోని ప్రతి కణమూ ఇటువంటి సంచులు వదులుతుందని, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు మరీ తొందరగా వదులుతాయని అంది.

"జర కుదిపినా వదుల్తయి, సల్లవడ్డా వదుల్తయి. అందుకే తిప్పక ముందుగాల ఐసు ముట్టనియ్యొద్దు. నేను గోడకు గట్ల రాసి పెట్టింది గందుకే."

నా చేతిలో కలాకంద్ ముక్క ఉంది. దాన్ని పళ్లెంలో పెట్టేశాను.

ఇక్కడ నిజం రాయాలి. వెంటనే చెప్పలేదు. భోజనాలయ్యేదాకా ఊరుకున్నాను. ఆ గంటసేపు ఏమేమో ఆలోచించాను. ఐసు సంగతి ఈ భూమి మీద నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను నోరు మెదపకపోతే ఆమె సభలో మాట్లాడుతుంది, అందరూ మెచ్చుకుంటారు. ఆ తర్వాత ఎక్కడో ఎవరో చేసి చూసి, ఇటువంటిదేమీ లేదంటారు. అప్పుడు ఆమె మాటకు విలువ ఉండదు. ఎందుకు తప్పిందో ఆమెకు ఎన్నటికీ తెలియదు. తండ్రిగా అనుకున్నప్పుడు ఊరుకుందామనిపించింది. టెక్నీషియన్‌గా అనుకున్నప్పుడు ఊరుకోవడం చేతకాలేదు. డైరీ తెచ్చి ఆమె ముందు పెట్టి, ఏప్రిల్ పుటలు తెరిచి చూపించాను.

ఆమె నిలబడే చదివింది. ఒక్కొక్క పుట తిప్పుతూ పదకొండూ చదివింది. తర్వాత పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చి, గుమ్మం దగ్గరే ఆగి అంది.

"నాకు మస్తు కోపమొస్తున్నది బాపూ. గా కోపం తగ్గినంక మాట్లాడుత."

మా ఆవిడ నా వైపు చూసింది. "సర్వీసంత ఐసు ఐసు అని ప్యూన్ల పానం తీసినవు. ఇగ ఇంట్ల బిడ్డ పానం మిగిలింది," అంది.

అమ్మాయి కోపం సాయంత్రం చాయ్ వేళకు తగ్గింది. నోటుబుక్కు తెచ్చుకుని నా పక్కన కూర్చుని, డైరీలోని వేళలన్నీ ఎక్కించుకుంది. ఐసులో ఎక్కువసేపు ఉన్న ట్యూబుల్లోనే సంచులు ఎక్కువ ఉన్నాయని ఆ వరసలో స్పష్టంగా తేలింది. మాయ నుంచి వచ్చినవాటికి ఒక గుర్తు ఉంటుందని, దాన్నిబట్టి కొంతవరకు ఏరవచ్చని, కానీ లోపలి సరుకును చదివేటప్పుడు అన్నీ కలిసే వస్తాయి కనుక నమ్మలేమని చెప్పింది. పెన్ను మూసి, "పదకొండు తీసెయ్యాలె," అంది. అక్కడే గైడుకు ఫోన్ చేసి, సభలో మాట్లాడడం లేదని చెప్పింది. ఎవరి తప్పని ఆయన అడిగినట్టున్నాడు. ఫలానా పని ఫలానా విధంగా జరిగింది సార్, వేళలతో సహా రాసిపెట్టి ఉంది అని చెప్పింది. అవతలి నుంచి ఏ మాట వచ్చిందో నేను అడగలేదు.

ఫోన్ పెట్టేసి, ఆ పదకొండు మంది ఇళ్లకు వెళ్లి చెప్పి రావాలంది. నాకు ఆశ్చర్యమేసింది. వాళ్లకు తెలిసేది లేదు, అడిగేది లేదు, చెప్పకపోతే ఏమవుతుంది అన్నాను.

"గా ఎండల నడుసుకుంట వచ్చి నెత్తురిచ్చిన్రు బాపూ. పారవోసినమని చెప్పద్దా?"

రెండు ఆదివారాలు తిరిగాము. కుల్చారం వైపు నలుగురు, నిజాంపేట వైపు ముగ్గురు, మిగతావాళ్లు ఊళ్లోనే. ఆటోలో పోతున్నప్పుడు ఏం చెప్పాలో నేను లోలోపల వల్లెవేసుకునేవాణ్ణి. తీరా వెళ్లాక చాలాచోట్ల చాయ్ పోసి పంపించారు. నిజాంపేట దగ్గర ఒకావిడ మమ్మల్ని చూడగానే గుండె మీద చెయ్యి వేసుకుంది, కడుపులో ఏదో దోషం కనబడిందని చెప్పడానికి వచ్చామనుకుని. సంగతి విన్నాక, "గింతేనా సార్? నేను సచ్చి బతికిన," అని నవ్వింది. ఆ నవ్వు చూసి, ముందు ఫర్వాలేదని చెప్పి తర్వాత సంగతి చెప్పాలని నేర్చుకున్నాం.

చివరికి మా బజారులోనే గాజుల దుకాణం వాళ్లింటికి వెళ్లాము. ఆ ఇంటి కోడలికి మొదటి కాన్పప్పుడు తొమ్మిదో నెలలో ఫిట్స్ వచ్చి బిడ్డ దక్కలేదు. ఇప్పుడు ఎనిమిదో నెల. ఆమె అత్తగారు నన్ను ఎప్పటి నుంచో ల్యాబ్ సాబ్ అని పిలుస్తుంది. ఒప్పుకోలు కాగితం చదివిన రోజున ఆమె కూడా ఉంది. మాయ నుంచి సంచుల్లో కబుర్లు వస్తాయని నేను చెబితే, "ఇంక పుట్టనే లేదు, అప్పుడే సిట్టీలు రాస్తున్నదా సాబ్? నా కొడుకు దుబాయిల నాలుగేండ్లుండి ఒక్కటి రాయలే," అని నవ్వించింది. కోడలి రక్తం ఇవ్వడానికి ఒప్పుకుంది కానీ, రక్తంలోని సంచులతో పోల్చడానికి కాన్పు తర్వాత మాయలో చిన్న ముక్క కూడా అడిగితే ససేమిరా అంది. పుట్టిన బిడ్డ మాయను ఇంటి వెనక మట్టిలో పాతిపెట్టాలి, అప్పుడే బిడ్డ ఆ ఇంటికి నిలుస్తుందని వాళ్ల నమ్మకం. మా ఇళ్లలోనూ ఉన్నదే. మొదటి మాయను దవాఖానలో వదిలేసి వచ్చామని, అందుకే అలా జరిగిందని ఆమె మనసులో ఉంది.

మా అమ్మాయి వాళ్లిద్దరి ముందు చాప మీద కూర్చుని జరిగింది చెప్పింది. రక్తం చల్లబడితే అందులోని వేరే కణాలు కూడా ముక్కలు వదులుతాయని, ఏవి మాయవో ఏవి కావో తెలియకుండా కలిసిపోయాయని, అందుకే ఆ ట్యూబు పారేశామని, తప్పు మాదని, మాఫ్ చేయాలని అంది. ఎవరి తప్పో విడిగా చెప్పలేదు. నేనే చెప్పాను.

అత్తగారు నన్ను ఎగాదిగా చూసింది. "గాజుల పెట్టె కిందవడ్డట్టు చేసినవ్ సాబ్. ఏ ముక్క ఏ గాజుదో ఇగ ఎవలు జెప్తరు?"

కోడలు మాత్రం మా అమ్మాయినే చూస్తున్నది. "మరి నా బిడ్డ బాగుందో లేదో ఎట్ల తెలుస్తది అక్కా? గా నెత్తురు సూసి జెప్తరనుకున్న."

కాగితం చదివి వినిపించింది నేనే. అది పరీక్ష కాదు, చదువు మాత్రమే అని అందులో ఉంది. చదివాను కూడా. కానీ ఒకసారి బిడ్డను పోగొట్టుకున్న మనిషి ఆ వాక్యాన్ని వినదు. మా అమ్మాయి ఆమె చేయి పట్టుకుంది.

"ఆ ట్యూబు మంచిగున్నా నేను జెప్పలేకపోదును చెల్లె. గంత దాక మాకు ఇంక తెల్వదు. తెలుసుకునేటందుకే నిన్నడిగిన. ఇప్పటికైతే నీ బిడ్డను కాపాడేది బీపీ మిషినూ, మూత్రం పరీక్షనే. వారం వారం పో. తలనొస్తే, కండ్లు మసకైతే గదే గంటకు పో. రేపు సూద్దామనుకోవద్దు."

అత్తగారు లేచి లోపలికి వెళ్లింది. ఒక జత ఆకుపచ్చ గాజులు తెచ్చి మా అమ్మాయి చేతికి తనే ఎక్కించింది. మాయలో ఎంత ముక్క కావాలని అడిగింది. వక్కంత చాలని మా అమ్మాయి చెప్పింది. మిగిలిందంతా తన చేతికే ఇవ్వాలని, ఇంకెవరికీ ఇవ్వకూడదని షరతు పెట్టి ఒప్పుకుంది.

మూడు వారాలకు ఆ కోడలికి తలనొప్పి వచ్చింది. గదే గంటకు వెళ్లారు. బీపీ ఎక్కువగా ఉందని చేర్చుకుని, నెలలు పూర్తిగా నిండకముందే కాన్పు చేశారు. ఆడపిల్ల, బరువు తక్కువ, ఏడుపు మాత్రం వార్డంతా వినబడింది. మా అమ్మాయి వక్కంత ముక్క తీసుకుని, మిగిలిన మాయను గుడ్డలో చుట్టి అత్తగారి చేతికి ఇచ్చింది. ఆమె మూట విప్పి చూసుకున్నాకే కదిలింది.

ఇక లెక్కలోంచి తీసేసినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లు కావాలి. ఈసారి నేను నా ఇష్టప్రకారం ఏదీ చేయలేదు, ఒక్కటి తప్ప. అదీ ముందుగా అడిగి చేశాను. కావలసింది చల్లదనం కాదు, నిలకడ. కుమ్మరి దగ్గర రెండు కుండలు కొని, పెద్దదానిలో చిన్నది పెట్టి, మధ్యలో ఇసుక పోసి తడిపాను. లోపల థర్మామీటరు వేలాడదీసి, పది రోజులపాటు అరగంటకొకసారి చూసి రాశాను. కరెంటు ఉన్నా పోయినా, బయట ఎండైనా ముసురైనా, లోపల రెండు డిగ్రీలకు మించి తేడా లేదు. ఆ లెక్కలు గైడుకు పంపితే, ఒకే రక్తాన్ని సగం వాళ్ల ఏసీ గదిలో, సగం నా కుండలో ఉంచి పోల్చి చూడమన్నాడు. మా అమ్మాయి కుండను హైదరాబాదుకు మోసుకెళ్లి, తన రక్తమే తీయించుకుని పోల్చింది. తేడా లేదు. ఆ తర్వాత మా కుండ ఆ పరిశోధన సామగ్రి జాబితాలోకి ఎక్కింది. మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి, నీళ్లు తాగే కుండ కాదు, సైన్సు కుండ అని చెప్పేది.

సరిగ్గా కొత్తవాళ్లకు ఐదో నెల వచ్చే సమయానికి తెలంగాణ కోసం పెద్ద సమ్మె మొదలైంది. బస్సులు నిలిచిపోయాయి. ఆఫీసులకు తాళాలు. పెన్షనర్ల టెంటులో నేనూ పూటకు రెండు గంటలు కూర్చునేవాణ్ణి. దవాఖానలో అత్యవసర పనులు నడుస్తున్నాయి, గర్భిణులు ఎలాగో వస్తున్నారు, రక్తం తీస్తున్నాం. గడ్డకట్టించిన సీసాలు మాత్రం ఇంట్లో పెట్టెలో పేరుకుపోతున్నాయి. పెట్టెలోని డ్రై ఐసు, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడు, రెండు రోజులకు మించి ఉండదు. అప్పటికి మెదక్‌కు రైలు లేదు. పాల వ్యానులను మాత్రం వదులుతున్నారని తెలిసి, తెలిసినవాళ్ల వ్యాను ముందు సీట్లో నేనూ మా అమ్మాయీ, మా కాళ్ల దగ్గర పెట్టె పెట్టుకుని బయలుదేరాము.

నర్సాపూర్ దాటాక రోడ్డు మీద ఉద్యమకారుల వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, వాటి మీద గుండిగలు. కుర్రవాళ్లు వ్యాను ఆపి తలుపు తీశారు. పెట్టె మూత అంచుల నుంచి తెల్లగా ఆవిరి పాకుతున్నది.

"గిదేంది, పొగొస్తున్నది?"

"పొగ కాదన్నా, ఐసు. ముట్టకుండ్రి, చెయ్యి కాలుతది," అంది మా అమ్మాయి.

"ఐసు తోటి చెయ్యి కాలుతదా? మమ్ముల పాగల్ జేస్తున్నవా అక్కా?"

వాళ్లు నవ్వుతున్నారు కానీ దారి ఇవ్వడం లేదు. అది గర్భిణుల రక్తంలోంచి తీసిందని, కరిగితే వాళ్ల ఐదో నెల మళ్లీ రాదని నేను చెప్పాను. ఇదివరకే పదకొండు పోయాయని కూడా చెప్పాను. గుండిగలో గరిటె తిప్పుతున్న ఒక పెద్దావిడ అక్కడి నుంచే అంది.

"ఆడివిల్లల నెత్తురట, ఇడువుండ్రి. అన్నమైతే తినివోవాలె గని."

తినకుండా కదలనివ్వలేదు. రోడ్డు మీద నిలబడి విస్తరాకుల్లో వేడి కిచిడీ తిన్నాం. మా అమ్మాయి ఒక ముద్ద తినడం, ఒకసారి పెట్టె వైపు చూడడం. మూత తీసి చూపించమని ఎవరూ అడగలేదు. తర్వాతి గ్రామంలో మమ్మల్ని ఎవరూ ఆపకుండా ఒక కుర్రవాడు బండి మీద మాకు ముందు సాగాడు. హైదరాబాదు చేరేసరికి పెట్టె అడుగున గుప్పెడు డ్రై ఐసు మిగిలి ఉంది. సీసాలు రాయిలా ఉన్నాయి.

సమ్మె అయ్యేదాకా అలా మరి మూడుసార్లు వెళ్లాం. పదకొండు మందిని తీసేస్తే, మళ్లీ తొమ్మిది మంది దొరికారు. ఇద్దరు తక్కువ. స్కాలర్‌షిప్పు గడువులో అంతకన్నా కుదరలేదు. ఉన్నవాళ్లతోనే ఆమె సిద్ధాంత గ్రంథం పూర్తిచేసింది. తర్వాత బీపీ వచ్చినవాళ్లలో కొందరికి ఐదో నెలలోనే మాయ నుంచి వచ్చే సంచులు ఎక్కువగా, వేరే సరుకుతో ఉన్నట్టు కనబడింది. కానీ మనుషులు తక్కువ, దీన్ని పరీక్షగా వాడే రోజు ఇంకా రాలేదు - ఇంతే రాసింది. ఇంకొంచెం గట్టిగా రాయవచ్చు కదా అని నేను అన్నాను. ఉన్నంతే రాసిన బాపూ అంది.

గ్రంథం మీద ప్రశ్నలడిగే వైవా రోజున నన్నూ వాళ్లమ్మనూ రమ్మంది. వెనక వరసలో కూర్చున్నాం. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పరీక్షకుడు గ్రంథం తిప్పుతూ, మెదక్ నమూనాల్లో పదకొండు ఎందుకు తీసేశారని ఇంగ్లీషులో అడిగాడు. అవి వేరుచేయకముందు ఐసులో ఉన్నాయని ఆమె చెప్పింది. ఆ సంగతి మీకెలా తెలిసిందని అడిగాడు. వాటిని చూసిన టెక్నీషియన్ ప్రతి ట్యూబుకూ వేళలు రాసి, తనంతట తానే నాకు చూపించాడు, ఆ పుటలు అనుబంధంలో ఉన్నాయి, ఆయన నా తండ్రి, అదిగో అక్కడ కూర్చున్నాడు అంది. హాల్లో వాళ్లంతా వెనక్కి తిరిగారు. పెద్ద డాక్టర్లు తనిఖీకి వచ్చినప్పటి అలవాటుతో నేను లేచి నిలబడ్డాను. ఆ పెద్దమనిషి కళ్లద్దాలు తీసి నా వైపు తల ఊపి, తర్వాతి ప్రశ్నకు వెళ్లాడు.

సాయంత్రం మెదక్ బస్సులో మా ఆవిడ అడిగింది, అందరూ వెనక్కి తిరిగి మనల్ని ఎందుకు చూశారని. ఇంగ్లీషులో జరిగినదంతా ఆమెకు తెలుగులో చెప్పాను.

"అంటే గంతమంది ముందల నీ తప్పు బయటవెట్టింది."

"వెట్టింది."

"మరి నీకు గింత సంబురమేంది?"

"చెప్పిన దాంట్ల ఒక్క ముక్క తప్పు లేదు," అన్నాను.